కాస్త జరుగమ్మా

దూదిగదికి కిటికీ లేదు. లోపలికెళ్లి తలుపు వేసుకుంటే బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో తెలిసే దారే లేదు. గోడలకు, కప్పుకు, ఆఖరికి తలుపు వెనక కూడా మందపాటి స్పాంజి ముక్కలు అంటించి ఉంటాయి. అందులో చప్పట్లు కొడితే ఆ చప్పుడు అరచేతుల్లోనే చచ్చిపోతుంది. కొత్తవాళ్లు కాసేపు నిలబడితే చాలు, తమ గుండె తమకే వినబడి, కంగారుగా బయటికి వచ్చేస్తారు. ఆమెకు మాత్రం లోకంలో అంత హాయైన చోటు ఇంకోటి లేదు. లోపలికెళ్లాక లైటు కూడా ఆర్పేసేది. కళ్లు పనిచేస్తుంటే చెవులు బద్ధకిస్తాయని ఆమె వాదన. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

గది ఉన్నది బావ షెడ్డులో, అంటే అక్క మొగుడి షెడ్డులో, వెనకవైపు. కార్ల సీట్లూ వ్యాన్ల సీట్లూ విప్పి తెస్తే, తల ఆనించే చోట అటూ ఇటూ అరచేయంత స్పీకర్లు దాచిపెట్టి ఇవ్వడం వాళ్ల పని. ఎవరి పాట వాళ్లకే, ఎవరి ఫోను వాళ్లకే; పక్కసీటువాడి నిద్ర చెడదు. సీటు తొడుగు విప్పేదీ మళ్లీ కుట్టేదీ పిన్ని. ఆవిడ వరసకు ఎవరికీ పిన్ని కాదు, షెడ్డు మొత్తానికి పిన్ని. స్పీకర్లు బిగించేది బావ. చివరికి ఆ సీటును దూదిగదిలోకి తోసి, అందులో కూర్చుని, ఎడమా కుడీ సమంగా పలుకుతున్నాయో లేదో విని తేల్చేది ఆమె.

వినడం కూడా ఒక పనేనా అని ఎవరైనా నవ్వితే బావ ఊరుకునేవాడు కాదు.

"బిగించడం ఎవడైనా బిగిస్తాడు సార్. మా మరదలివి పాముచెవులు. మీరు డబ్బులిచ్చేది స్పీకర్లకి కాదు, ఆ చెవులకి."

ఆమెకు పాముచెవి అన్న పేరు అలా స్థిరపడిపోయింది. చదువులో అక్క ముందు. నలుగురిలో మాట్లాడటంలో అక్క ముందు. అద్దం సంగతి ఎత్తకపోవడమే మంచిది. చెవుల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎవరైనా ఆమె తర్వాతే. ఇంటికొచ్చినవాళ్లకు ఆమెను చూపించి చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే.

ఎడమ చెవి ఒకరోజు పొద్దున లేచేసరికి పోయింది.

నొప్పి లేదు, చీము లేదు. రాత్రి ఎవరో వచ్చి ఆ పక్క కరెంటు తీసేసినట్టు ఉంది. జలుబేమో, తగ్గుతుందిలే అని నెట్టుకొచ్చింది. తీరా వెళ్తే డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"లోపలి నరం చచ్చుబడిందమ్మా. వెంటనే వచ్చుంటే ఏమన్నా చేసేవాళ్లమేమో."

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు, అదే ఆశ్చర్యం. ఉప్పు తక్కువైందని కూరతో కూడా పోట్లాడే మనిషి. ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే బావ ఒక్క మాట అనడు. మంచివాడు కాబట్టి ముందు టేబుల్ దగ్గర కుర్చీ వేయించి ఫోన్లు ఎత్తమంటాడు. అక్క రోజూ అడుగుతుంది, ఎలా ఉందే అని. ఆ జాలిలో పడి బతకడం ఒక్కటే ఆమె చెయ్యలేని పని.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. ముందు మామూలుగా కూర్చుని కుడి చెవితో కుడి స్పీకరు వినేది. తర్వాత సీటులోనే వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద నిలబడి, సీటు వీపును కౌగిలించుకున్నట్టు ఆనుకుని, అదే కుడి చెవితో ఎడమ స్పీకరు వినేది. బస్సులో పిల్లలు వెనక్కి తిరిగి వెనకవాళ్లను చూస్తారే, అచ్చం అలాగ. తలుపు వేసి ఉంటుంది, లైటు ఆర్పి ఉంటుంది, చూసేదెవరు? కొన్నాళ్లు బండి అలాగే నడిచింది.

అప్పుడే బస్సులాయన వచ్చాడు.

ఆయనకు దూరప్రయాణాల బస్సులున్నాయి. కొత్త బస్సు కొంటున్నాడు, అందులో సీటు సీటుకూ స్పీకర్లు కావాలన్నాడు. బావ ముఖం వెలిగిపోయింది. ఆయన మాత్రం అంత తేలిగ్గా పడే రకం కాదు. పాత బస్సులోంచి విప్పిన ఒంటి సీటొకటి దింపించి, "ముందు దీని మీద చేసి చూపించండి. పారేసే సీటే, పాడైనా బాధలేదు. వచ్చి వింటాను, నచ్చితే బస్సంతా మీదే" అని వెళ్లిపోయాడు.

పిన్ని తొడుగు విప్పింది. విప్పి, ముక్కు దగ్గర కొంగు పెట్టుకుంది. జిగురు వాసన, రెగ్జిన్ వాసన అలవాటైన ముక్కు అది. ఇది వేరే వాసన. తడిసి ఆరని జుట్టు వాసన.

"ఒసేయ్ పాముచెవీ, ఇటొచ్చి చూడవే. ఈ స్పాంజి చూడు. కుడిసగమే కుంగిపోయింది. ఎడమసగం నిన్న కోసి తెచ్చినట్టుంది."

"అయితే?"

"అయితే ఏముంది, ఒంటి సీటులో ఒక అంచున కూర్చుని ఇన్నాళ్లు ప్రయాణం చేసిందెవరే?"

బావ స్క్రూలు వెతుక్కుంటూ అందుకున్నాడు. "ఎవడో పెళ్లయినవాడై ఉంటాడు పిన్నీ. సగం చోటు వదలడం వాళ్లకే అలవాటు."

"నీకు మా అక్క సగమైనా ఇస్తోందా బావా?" అందామె.

"పావు," అన్నాడు బావ.

ముగ్గురూ నవ్వారు. పాత స్పాంజి అలాగే ఉంచి స్పీకర్లు బిగించారు.

మర్నాడు మధ్యాహ్నం, అన్నాలయ్యాక, ఆమె ఆ సీటును దూదిగదిలోకి తోసుకుని తలుపు వేసింది. వైర్లు తగిలించింది. లైటు ఆర్పింది. కూర్చుంది. రెండు స్పీకర్లలోనూ ఒకటే మోత పెట్టింది, ఆగకుండా కురిసే వాన లాంటి మోత. కుడి చెవికి అది మామూలుగా వినబడింది.

ఎడమ చెవికి కూడా వినబడింది.

కదలకుండా కూర్చుండిపోయింది. భ్రమేమోనని కుడి చెవిని వేలితో గట్టిగా మూసింది. వాన ఎడమ చెవిలో కురుస్తూనే ఉంది. చినుకు చినుకూ విడివిడిగా తెలుస్తోంది. ఎగిరి గంతెయ్యాల్సిన సమయం అది. లోపల ఏమీ కదల్లేదు. సరే, వచ్చింది, అనుకుంది అంతే.

పరీక్షగా ఎడమ స్పీకరు వైరు పీకేసింది. తర్వాత కుడిది కూడా.

వాన ఆగిపోయింది. ఎడమ చెవి మాత్రం వింటూనే ఉంది. మూసిన తలుపు అవతల పిన్ని కుట్టుమిషను. దాని కింద సన్నగా... ఊపిరి. తనదే అనుకుంది. బిగబట్టింది.

ఊపిరి ఆగలేదు.

తీరిగ్గా లోపలికి... తీరిగ్గా బయటికి. మధ్యలో ఒకసారి గుటక.

తర్వాత, చెవికి ఆనుకుని, అలిసిపోయిన గొంతు. మర్యాదగానే అడిగింది.

"కాస్త జరుగమ్మా..."

ఆమె జరిగింది.

తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెను వణికించాల్సింది ఆ గొంతు కాదు, తను జరగడం. బస్సెక్కిన ప్రతి మనిషీ చేసే పనే అది. ఎవరు, ఎక్కడిదాకా అని అడగం. ముందు జరుగుతాం. మంచితనమని కూడా అనుకోం, ఒళ్లు దానంతట అదే జరుగుతుంది.

లేచి లైటు వేసింది. ఖాళీ సీటు. లేచిన మరుక్షణం ఎడమ చెవి మళ్లీ రాయి.

బయటికి రాగానే పిన్ని చూసింది. "ఏమే, ఆ చెంపేంటి అలా తెల్లగా పాలిపోయింది?"

చెయ్యి పెట్టి చూసుకుంది. పన్ను పీకేముందు మందు పొడిస్తే ఉంటుందే, అలా ఉంది ఎడమ చెంప. చేతికి చెంప తగిలింది, చెంపకు చెయ్యి తగల్లేదు.

భయపడాల్సిన చోట ఆమె వాదన మొదలుపెట్టింది. ఎదుటి పక్షం లేదు, అటూ ఇటూ తనే. చెంప వల్ల ఎవరికేం ఉపయోగం? ముద్దు పెట్టేవాళ్లెవరూ లేరు, కొట్టేవాళ్లూ లేరు. చెవి పోతే పాముచెవి పోతుంది, పాముచెవి పోతే ఇక మిగిలేది అక్క చెల్లెలు. తీర్పు కూడా తనే ఇచ్చుకుంది.

రోజూ వెళ్లి కూర్చుంది. బావ అడిగితే ఎడమ స్పీకరు గీరుతోందనేది.

"గీరితే మార్చి పారేస్తా, చెప్పు."

"నువ్వు ముట్టుకుంటే ఇంకా పాడవుతుంది బావా. నన్ను చూసుకోనీ."

"చూసుకో తల్లీ, చూసుకో. ఆయనొచ్చే టైమయింది, అది గుర్తుపెట్టుకో చాలు."

లోపల చీకట్లో ఎడమ చెవి అద్భుతంగా వినేది. పాత రోజుల్లో కూడా అంత వినలేదు. ప్రతిసారీ ఒక్కసారే, అదే మర్యాదగా, ఆ గొంతు అడిగేది. ప్రతిసారీ ఆమె ఇంకాస్త జరిగేది. చెంప తర్వాత మెడ. మెడ తర్వాత భుజం. సీటు అంచు కుడి తొడకు ఒరుసుకుని కమిలిపోయింది, ఆ నొప్పి మాత్రం తెలిసేది. ఎడమ చేత్తో టీ గ్లాసు పట్టుకుంటే వేడో చల్లనో గ్లాసును చూసి పోల్చుకోవాల్సొచ్చేది.

ఒకరోజు కుట్టుబల్లకు ఆనుకుని నిలబడి ఉంది. పిన్ని మిషను ఆపేసి ఆమె వైపు అదోలా చూసింది.

"అమ్మాయ్... నీ చేతిలో సూది."

"ఏ చేతిలో?"

"కదలకు."

సీటు తొడుగులు కుట్టే కొంకి సూది. మోచేతి పైన సగం దాకా దిగి ఉంది. జాకెట్టు మీద రక్తం చిన్న బిళ్లలా పరుచుకుంటోంది. పిన్ని ఊపిరి బిగబట్టి లాగింది. ఆమె గోడ మీది గడియారం చూస్తూ నిలబడింది.

"నీ చెవి పోయి ఎన్నాళ్లయిందే?" అంది పిన్ని మెల్లగా.

ఆమె జాకెట్టు మీది రక్తాన్ని కొంగుతో అద్దుకుంది.

"నీ ఎడమపక్క నిలబడి నిన్ను ఎన్ని తిట్లు తిట్టానో తెలుసా? నువ్వు ఊరుకునే రకమా? ఒక్కదానికీ ఎదురు రాలేదు. అప్పుడే అనుకున్నా. చెవి పోయిందనుకున్నా, ఇదేంటే ఇది? ఆ సీటులో కూర్చున్నప్పట్నుంచే కదూ?"

"పిన్నీ, బావకు చెప్పకు."

"చెప్తే ఏమవుతుంది? టేబుల్ దగ్గర కూర్చుంటావు. ఫోన్లెత్తుతావు. ఏం పోతుంది?"

"నేను పోతాను."

పిన్ని పాత గుడ్డ ఒకటి చింపింది. కట్టు కడుతూ ఒక్కటే అంది. "దాన్ని తగలబెట్టించేస్తా. ఆయన విని వెళ్లనీ, ఆ సాయంత్రమే తగలబెట్టించేస్తా. అప్పటిదాకా అందులో కూర్చోకు. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టింది కాబట్టి ఆమె కూర్చోలేదు. బస్సులాయన వచ్చే రోజు పొద్దున, ఆఖరిసారి సరిచూసుకోవడానికి వెళ్లి, తన పాత పద్ధతిలో మోకాళ్ల మీద నిలబడింది. కూర్చోవడం కాదు కదా ఇది. కుడి చెవితో వినేసి పోతే చాలు. లైటు ఆర్పింది. సీటు వీపుకు ఒళ్లు ఆనించింది.

వాన మోత పెట్టింది. ఎడమ స్పీకరు బాగానే పలుకుతోంది. ఆపేసింది.

తడిజుట్టు వాసన గుప్పుమంది.

మోకాళ్ల మధ్య స్పాంజి... మెల్లగా కుంగింది. ఎవరో వచ్చి కూర్చున్నట్టు. ఆమె కదల్లేదు. కదలలేకపోయింది. కుడి చెంప ఒక్కటే ఇంకా తనది, ఆ చెంప మీద గాలి తగిలింది. వెచ్చగా. ఆగి... మళ్లీ.

అప్పుడు అర్థమైంది. రోజూ దాని పక్కన, అదే వైపు తిరిగి కూర్చునేది. ఈరోజు దాని ముఖానికి ఎదురుగా ఉంది.

చీకట్లో, ముక్కుకు ముక్కంత దూరంలో, గొంతు నొచ్చుకున్నట్టు పలికింది.

"ఇలా ఎదురుగా ఎందుకమ్మా... మామూలుగా కూర్చో."

ఎలా బయటపడిందో తెలియదు. తలుపు తెరిచేసరికి షెడ్డు నిండా ఎండ. బావ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. బస్సులాయన ముందే వచ్చేశాడు.

"ఇదిగో సార్, మా పాముచెవి. రా మరదలా, ఆయన నిన్నే అడుగుతున్నారు."

బావ సీటును వైర్లతో సహా బయటికి తోసుకొచ్చాడు. బస్సులాయన దాన్ని తడిమి చూశాడు, కూర్చోలేదు. "నాకు పాటలు తెలియవయ్యా. నేను విని ఏం చెప్తాను? ఈ అమ్మాయి చెవుల గురించే కదా మీరు అంత చెప్పారు. అమ్మాయిని కూర్చోమను. ఎడమ స్పీకరు గుండీ నా చేతిలో ఉంటుంది. కాస్త తగ్గిస్తా, కాస్త పెంచుతా. ఎప్పుడు ఏం చేశానో కళ్లు మూసుకుని చెప్పమను. చెప్తే బస్సు మీది."

"అంతేనా సార్!" అన్నాడు బావ. ఆ నవ్వులో అనుమానం పిసరంత కూడా లేదు.

పిన్ని కుట్టుబల్ల దగ్గర్నుంచి లేచి నిలబడింది. అడ్డంగా తలూపింది. ఒద్దే, ఒద్దు.

ఆమె కూర్చుంది. కళ్లు మూసుకుంది. వాన మోత మొదలైంది, కుడివైపు. ఎడమవైపు రాయి. ఈసారి చెవి దానంతట అది తెరుచుకోలేదు. ఎదురుచూసింది. బస్సులాయన ఊరికే దగ్గాడు. ఆయన గుండీ తిప్పాడో లేదో కూడా తెలియడం లేదు.

"ఊఁ, చెప్పమ్మా."

బావ నవ్వు సన్నబడటం కళ్లు మూసుకునే చూసింది.

"మరదలా?"

అప్పుడు, వాళ్లిద్దరి ముందే, పట్టపగలే, ఎడమ చెవిలో...

"కాస్త జరుగమ్మా."

ఇప్పుడైనా లేవొచ్చు. లేచి, బావా నాకు వినబడటం లేదు అనొచ్చు. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల తర్వాతి మనిషి ఎవరో ఆమె ఊహించుకుంది. టేబుల్, ఫోను, అక్క చెల్లెలు.

సీటు అంచున ఇక చోటు లేదు. అయినా జరిగింది. ఎటు జరిగిందో ఆమెకే తెలియదు, లోపలెక్కడో జరిగింది.

"తగ్గించారు," అంది. "ఇంకాస్త తగ్గించారు. ఇప్పుడు పెంచారు. ఇప్పుడు అసలు ముట్టుకోలేదు, ఊరికే వేలు కదిపారు. మీ జేబులో చిల్లర ఉంది. ఆ చేతి గడియారం ఆగి ఆగి నడుస్తోంది, బాగుచేయించుకోండి."

బస్సులాయన పగలబడి నవ్వాడు. బావ గాల్లోకి ఎగిరినంత పనిచేశాడు. ఆమె ఎడమ చెయ్యి దానంతట అదే ముందుకెళ్లి బస్సులాయన చెయ్యి అందుకుని ఊపింది. తను చాచలేదు. చూస్తూ ఉంది అంతే.

సీటును ఆ సాయంత్రమే పిన్ని తగలబెట్టించింది. దానివల్ల ఏ తేడా రాలేదు. ఆ సీటుతో ఇక అవసరం లేకపోయింది. ఎడమ చెవి ఇంట్లో వినేది, వీధిలో వినేది, ఎక్కడైనా వినేది. ఎవరూ జరగమని అడగలేదు. చల్లనీళ్లు పోసుకుంటే ఒంటికి సగం దాకానే చలేసేది. ముక్కు మధ్య నుంచి గీత గీసినట్టు ఇటు ఆమె ఉండేది. అటున్నది బాగానే ఉండేది. ఆమె కంటే చలాకీగా ఉండేది కూడా. అక్క మురిసిపోయింది. "ఈమధ్య ఎంత మెత్తబడ్డావే! మాటకు మాట అంటించడం మానేశావు." ఆ మాటకూ ఆమె ఏమీ అనలేదు. పిన్ని మాత్రం ఆమె ఎడమపక్కకు రావడం మానేసింది.

కొత్త బస్సు షెడ్డు ముందు ఆగిన రోజు మంచి ఎండ. సీట్లన్నీ ఫ్యాక్టరీలో అప్పుడే తయారైన కొత్త స్పాంజి. స్పీకర్లు బిగించాక పిన్ని కొత్త తొడుగులు వేసి, దుమ్ము పడకుండా పైన ప్లాస్టిక్ సంచులు తొడిగి గట్టిగా కట్టేసింది. ఆమె ముందు వరసలోంచి మొదలుపెట్టి ఒక్కో సంచీ విప్పుతూ, కూర్చుంటూ, వింటూ, మళ్లీ కట్టేస్తూ వెనక్కి వెళ్లింది. అన్నీ చక్కగా పలుకుతున్నాయి.

సగం బస్సు అయ్యాక నడుం చాచి వెనక్కి చూసింది. ఆ వెనక సీట్లు ఇంకా ఎవరూ ముట్టుకోనివి.

తల ఆనించే చోట, ప్రతి సంచీ మీదా, ఎడమవైపు ఆవిరి పట్టి ఉంది.

దగ్గరకెళ్లి కొంగుతో తుడిచింది. పోలేదు. ఆవిరి లోపలివైపు ఉంది. చూస్తుండగానే కొంచెం చెదిరింది... మళ్లీ కమ్ముకుంది. చెదిరింది... కమ్ముకుంది. తీరిగ్గా. అన్ని సీట్లలోనూ ఒక్కసారే.

కింద మెట్ల దగ్గర్నుంచి బావ కేకేశాడు. "ఏమంటావు పాముచెవీ? రేపు ఎక్కించెయ్యమనొచ్చా జనాన్ని? ఆయన ఫోన్లో ఉన్నాడు, నీ మాట కోసమే ఆగాడు."

చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. కుడిసగం తెరిచింది.

"ఎక్కించెయ్ బావా. అన్నీ బాగున్నాయి," అంది గొంతు. హుషారుగానే అంది.

బావ ఫోనులో గట్టిగా నవ్వడం వినబడింది. ఆమె కొంగు సర్దుకుని తర్వాతి సీటు దగ్గరికి నడిచింది. కిటికీ పక్క సీటు అది. అందులో మాత్రం ఆవిరి తలానించే చోట లేదు. చాలా కిందికి, చిన్నపిల్లల తల వచ్చేచోట పట్టి ఉంది.